బేస్ మోడల్‌కి ఒక రెక్క

స్పాయిలర్ అన్న మాటకి అర్థం ‘చెడగొట్టేది’ అని. కారు వెనక ముచ్చటగా కనిపించే ఆ రెక్కకి ఇంత మొరటు పేరేమిటని చాలామంది ఆలోచించి ఉండరు. అది చెడగొట్టేది గాలి నడకని. కారు వేగంగా పోతుంటే దాని వీపు మీదుగా జారే గాలి ఒత్తిడి తగ్గి, వెనక భాగం కాస్త పైకి తేలాలని చూస్తుంది. తేలితే వెనక టైర్లకి రోడ్డు మీద పట్టు సన్నగిల్లుతుంది. ఆ గాలిని నున్నగా జారనివ్వకుండా చివర్లో తుంచేసి, తేలే బలాన్ని తగ్గించడమే స్పాయిలర్ పని.

వేగాన్ని బట్టి ఇది ప్రాణాల మీదికి వచ్చే విషయమే. 1998లో వచ్చిన ఆడీ టీటీ కారుకి గుండ్రటి వీపు. చూడ్డానికి బ్రహ్మాండం. జర్మనీ ఆటోబాన్ల మీద విపరీతమైన వేగంలో మలుపులు తిరుగుతూ, లేన్లు మారుతూ ఆ కార్లు అదుపు తప్పాయి, మనుషులు పోయారు. కంపెనీ అప్పటికే అమ్మేసిన కార్లని కూడా పిలిపించి, వెనక చిన్న పెదవి లాంటి స్పాయిలర్ బిగించి, సస్పెన్షన్ సరిచేసి, కారుని నిలకడగా ఉంచే ఎలక్ట్రానిక్ వ్యవస్థ కూడా పెట్టి ఇచ్చింది. అందమైన గీతకి అడ్డంగా ఒక ముక్క అతికించక తప్పలేదు.

అంతకు పాతికేళ్ల ముందు ఇంకో కథ ఉంది. 1973లో బీఎండబ్ల్యూ వాళ్లు రేసుల కోసం 3.0 సీఎస్ఎల్ అనే కారుకి పెద్ద వెనక రెక్క తయారుచేశారు. అది బిగించిన కారు జర్మనీ రోడ్ల మీద తిరగడానికి చట్టం ఒప్పుకోదు. వాళ్లేం చేశారంటే, రెక్కని డిక్కీలో పడేసి కారు అమ్మారు. కొన్నవాడు ఇంటికి తీసుకెళ్లి తనే బిగించుకోవాలి. ఇంట్లో స్పాయిలర్ బిగించుకునే పనికి ఇంతకంటే ఘనమైన వంశవృక్షం నాకు తెలీదు.

ఇదంతా నేను చదివి పెట్టుకున్నది మా బాబాయి కొడుకు కోసం. వాడి దారి ఆటోబాన్ కాదు, 65వ నంబరు జాతీయ రహదారి. ఒకప్పటి 9వ నంబరు. మా ఇల్లు నందిగామలో, బాబాయి వాళ్లది జగ్గయ్యపేటలో. మా చిన్నప్పుడు కృష్ణా జిల్లాలో మెట్ట ప్రాంతం అనేవాళ్లు. 2022 ఏప్రిల్ నుంచి ఎన్టీఆర్ జిల్లా అంటున్నారు. తమ్ముడు రోజూ చిల్లకల్లు దగ్గర హైవే ఎక్కి నందిగామ వచ్చి ఒక ఎరువుల కొట్లో లెక్కలు చూసి వెళ్తాడు. రెండేళ్ల కిందట లోను పెట్టి సెకండ్ హ్యాండులో ఒక చిన్న హ్యాచ్‌బ్యాక్ కొన్నాడు. అందులో అన్నిటికంటే కింది వేరియంటు, జనం బేస్ మోడల్ అనేది. సంక్రాంతికి నేను హైదరాబాదు నుంచి వచ్చేసరికి, విజయవాడలో ఒక కార్ డెకార్స్ షాపు నుంచి తెచ్చిన స్పాయిలర్ వాళ్ల ముందు గదిలో మంచం మీద ఉంది. ఏబీఎస్ ప్లాస్టిక్, పొడవు 1.2 మీటర్లు, బరువు కిలోన్నర.

ఇంజనీరుని గనక ముందు లెక్క వేశాను. నాలుగు లేన్ల రహదారి మీద కార్లకి కేంద్రం 2018లో ఖరారు చేసిన గరిష్ఠ వేగం గంటకి 100 కిలోమీటర్లు. ఆ వేగంలో ఎదురుగాలి ఒత్తిడి చదరపు మీటరుకి 47 కిలోల బరువంత ఉంటుంది. ఈ రెక్క మొత్తం విస్తీర్ణం చదరపు మీటరులో ఐదో వంతు దగ్గర. దాన్ని పలకలా గాలికి నిటారుగా ఎదురు నిలబెట్టినా దాని మీద పడేది పది పన్నెండు కిలోలు. వాలుగా ఉంటుంది కాబట్టి కారుని కిందికి అదిమే బలం రెండు మూడు కిలోలైతే గొప్ప. గాలి బలం వేగానికి వర్గంలో పెరుగుతుంది. అంటే 50లో పోతుంటే అందులో నాలుగో వంతే. కారు బరువేమో 900 కిలోలు. వెనక టైర్లకి బరువే కావాలనుకుంటే డిక్కీలో 25 కిలోల బియ్యం బస్తా వేసుకుంటే దీనికి పదింతలు పని చేస్తుంది. కంపెనీలు విండ్ టన్నెల్లో పెట్టి మలిచిన స్పాయిలర్ల సంగతి వేరు. అవి గాలి లాగుడు తగ్గించి ఎంతో కొంత ఆయిల్ ఆదా చేయగలవు. కొట్లో దొరికేదాన్ని మలిచింది కంటి కోసం.

ఈ బియ్యం బస్తా లెక్క వాడికి చెబితే నవ్వాడు. “గాలి కోసం ఎవరు పెట్టమన్నారన్నా?” అన్నాడు.

మరి దేనికోసమో పిన్ని చెప్పింది. కార్తీకంలో ఒక సంబంధం వాళ్లు ఇంటికి వచ్చారట. అమ్మాయి మేనమామ వాకిట్లో కారు చుట్టూ ఒక రౌండు తిరిగి, వెనక నిలబడి, “బేస్ మోడలా బాబూ?” అని అడిగాడట. అందులో వెటకారం లేదట, ఊరికే తెలుసుకుందామని అడిగినట్టే అడిగాడట. ఆ సంబంధం కుదరలేదు. కారణం జీతం అయ్యుండొచ్చు, జాతకం అయ్యుండొచ్చు, కారు మాత్రం అయ్యుండదు. కానీ ఆ ప్రశ్న ఇంట్లో ఉండిపోయింది.

ఆయనకి వెనక నుంచి ఎలా తెలిసింది? అక్కడే అసలు విషయం ఉంది. మన దేశంలో చిన్న కార్లని మెట్లు మెట్లుగా అమ్ముతారు. అడుగు మెట్టు కారుకీ పై మెట్టు కారుకీ చాలాసార్లు ఇంజనూ డోర్లూ టాపూ అన్నీ ఒకటే. తేడాలు బయటికి తెలిసేలా పెడతారు. వెనక వైపర్, అల్లాయ్ వీల్స్, ఫాగ్ ల్యాంపులు, డోరు హ్యాండిల్‌కి కారు రంగు, వెనక స్పాయిలర్. ఇవి ఉంటే పై మోడల్, లేకపోతే కింది మోడల్. వీటిలో కొన్నిటి ఖరీదు మొత్తం కారు ధరలో లెక్కలోకి రాదు. అయినా కింది కారుకి ఇవ్వరు. ఇచ్చేస్తే పై కారు కొన్నవాడికి మిగిలేదేమిటి?

నా ఉద్యోగంలో ఇది రోజూ చేసే పని. మేము రాసే సాఫ్ట్‌వేర్ ఒక్కటే. తక్కువ కట్టినవాడికీ ఎక్కువ కట్టినవాడికీ అదే కోడు వెళ్తుంది. మధ్యలో ఒక చిన్న ఫ్లాగు ఉంటుంది. అది ‘కాదు’ అని ఉంటే ఫీచరు కనిపించదు, ‘అవును’ అని మారిస్తే ప్రత్యక్షమవుతుంది. లోపల అన్నీ ఉండి కూడా లేనట్టు ఆపి ఉంచడానికి అదనంగా కోడు రాయాలి, దాన్ని పరీక్షించాలి, అది ఎప్పుడూ ఆగే ఉందని నమ్మకం కుదుర్చుకోవాలి. లేమిని కూడా ఎవరో కూర్చుని డిజైన్ చేస్తారన్న సంగతి సాఫ్ట్‌వేర్ రాసేవాళ్లకి తెలిసినంత బాగా ఇంకెవరికీ తెలీదు.

నాకున్న రెండో అలవాటు పుస్తకాల మీద నాలుగు మాటలు రాయడం. అందులో నేను తరచూ వాడే మాట ‘అనవసరం’. ఈ విశేషణం అనవసరం, ఈ ఉపమానం తీసేసినా కథకి లోటు లేదు, ఇట్లా. తీసేసి చూడటం మంచి పరీక్షే, ఇప్పటికీ వాడతాను. కాకపోతే బేస్ మోడల్ అంటేనే ఆ పరీక్ష ముందే జరిగిపోయిన కారు. తీసేసినవాడు రచయిత కాదు, ధర నిర్ణయించినవాడు. అందులో మిగిలిన నిరాడంబరత్వం కొన్నవాడి అభిరుచి కూడా కాదు. పై మోడల్ కొనగలిగినవాడు రెక్క వద్దనుకుంటే దాన్ని అభిరుచి అంటాం. మా తమ్ముడికి ఆ వద్దనుకునే హక్కు రావాలంటే ముందు రెక్క ఉండాలి గదా.

మన ఆలంకారికులు ఈ చర్చ ఎప్పుడో చేశారు. మమ్మటుడు కావ్యప్రకాశంలో గుణాన్ని ఆత్మకి శౌర్యంతో పోలుస్తాడు, అలంకారాన్ని ఒంటి మీది హారంతో పోలుస్తాడు. మొదటిది లేకుండా కుదరదు, రెండోది లేకపోయినా నడుస్తుంది. స్పాయిలర్ కచ్చితంగా హారమే, అదీ అతికించిన హారం. కానీ అలంకారం అన్న మాటని విప్పి చూస్తే ఇంకోటి కనిపిస్తుంది. సంస్కృతంలో ‘అలం’ అంటే చాలు. ‘అలంకారం’ అంటే చాలినంతగా చేయడం, సరిపోయేటట్టు చేయడం. ఆనంద కుమారస్వామి 1939లో అలంకారం మీద రాసిన వ్యాసంలో ఈ దారినే పట్టుకుంటాడు. అలంకారమంటే తరవాత వచ్చి చేరిన అదనపు సొగసు అనుకోవడం కొత్త అలవాటనీ, ఒక వస్తువు తన పనికి తగినట్టు సిద్ధం కావడానికి కావలసినదే అలంకారమని పాత అర్థమనీ ఆయన వాదన. మరి పెళ్లి సంబంధాల వాళ్ల ముందు వాకిట్లో నిలబడి ఉండటం కూడా ఒక కారు చేసే పనే అయితే, దానికి ఏది చాలుతుంది?

మా ప్రాంతంలో ఈ అర్థం ఎవరూ సంస్కృతంలో చెప్పరు గానీ, అందరికీ తెలుసు. కనుమ నాడు ఎద్దుల కొమ్ములకి వేసే రంగు దుక్కికి పనికొచ్చేది కాదు. ఎద్దులు తగ్గిపోయి ట్రాక్టర్లు వచ్చాక బంతిపూల దండ బానెట్ మీదికి మారింది, అంతే. పెనుగంచిప్రోలు తిరుపతమ్మ అమ్మవారి విగ్రహాలని రెండేళ్లకోసారి జగ్గయ్యపేటకి ఊరేగింపుగా తెచ్చి, రంగులు వేయించి, మళ్లీ గుడికి తీసుకెళ్తారు. రంగు వెలిసినంత మాత్రాన అమ్మవారి మహిమ తగ్గిందని ఎవరూ అనరు. అయినా రంగులు వేయించాల్సిందే.

మా బాబాయి లారీ డ్రైవరు. సొంత లారీ ఉండేది, జగ్గయ్యపేట వైపు సిమెంటు ఫ్యాక్టరీల నుంచి లోడు ఎత్తేవాడు. ఆయన రోజుల్లో లారీ కొనడమంటే ఛాసిస్ కొనడం. దాన్ని విజయవాడ ఆటోనగర్ తోలుకెళ్లి బాడీ కట్టించుకోవాలి. కాబిన్ చెక్క దగ్గర్నుంచి తలుపు మీద నెమలి బొమ్మ దాకా అన్నీ యజమాని కోరి చేయించుకున్నవే. మోకు కట్టే కొక్కేలు ఎన్ని కావాలో ఎంత పట్టుగా చెప్పాడో, నెమలికి ఎన్ని రంగులు ఉండాలో అంతే పట్టుగా చెప్పాడట బాబాయి. ఆ లారీకి బేస్ మోడల్ అనేది లేదు. అప్పులకి లారీ అమ్మేసి పదేళ్లు దాటింది. కొన్నవాడు నెమలి మీద రంగు కొట్టించాడని ఇప్పటికీ అంటుంటాడు.

ముక్కనుమ నాడు పని పెట్టుకున్నాం. అంతకు ముందు వారమే స్పాయిలర్‌కి ఊళ్లో ఒక పెయింటరు దగ్గర కారు కలర్ కోడ్ ప్రకారం రంగు కొట్టించాడు తమ్ముడు. బాబాయి కుర్చీ వేసుకుని కూర్చున్నాడు. చర్చ మొదలయింది. బోల్టా, టేపా?

“బోల్టు కొట్టండిరా. అంటించింది ఎప్పటికైనా ఊడుద్ది” అన్నాడు బాబాయి. ఆయన భయం నాకూ ఉంది. ఇది ఊడితే మాకు పోయేది కొన్ని వందలో వేలో. కానీ హైవే మీద వెనకాల బైకు వస్తుంటుంది. ఇద్దరు పిల్లల్ని ముందూ వెనకా కూర్చోబెట్టుకుని, హెల్మెట్ ట్యాంకు మీద పెట్టుకుని వచ్చే మనిషి. కిలోన్నర ప్లాస్టిక్ ఎగిరి అతని మొహానికి తగిలితే? అలంకారం మీద నాకు ఎన్ని అభిప్రాయాలున్నా, అది ఊడకూడదు అన్నది అభిప్రాయం కాదు.

అయినా నేను టేపు వైపే. డిక్కీ డోరు రేకు మందం మిల్లీమీటరు లోపు. అందులో నాలుగు చిల్లులు పెడితే పెయింటు కింద తుప్పు మొదలవుతుంది, వానాకాలం నీళ్లు దిగుతాయి, రేపు అమ్మబోతే కొనేవాడు అడుగుతాడు. ఇంకో కారణం ఎండ. జగ్గయ్యపేట ఎండ సంగతి చెప్పక్కర్లేదు. 40 డిగ్రీల తేడాకి 1.2 మీటర్ల ఏబీఎస్ ప్లాస్టిక్ దాదాపు నాలుగు మిల్లీమీటర్లు సాగుతుంది. అంతే పొడవు ఉక్కు రేకు సాగేది అర మిల్లీమీటరు. రెంటినీ బోల్టులతో బిగదీస్తే రోజూ పగలు ఒకటి సాగాలంటుంది, రెండోది వద్దంటుంది. చివరికి చిల్లు దగ్గర ప్లాస్టిక్ చిట్లుతుంది. నురగ టేపు ఆ మూడు మిల్లీమీటర్ల గొడవని తనలో సర్దేసుకుంటుంది.

టేపంటే పుస్తకాలకి అట్టలేసేది కాదు. త్రీఎం కంపెనీ వీహెచ్‌బీ అనే అక్రిలిక్ నురగ టేపు. కిలో బరువు మోయడానికి సుమారు 57 చదరపు సెంటీమీటర్ల టేపు వేయమని తయారీదారు లెక్క. ఆ ప్రకారం కిలోన్నరకి 85 చాలు. మేము మీటరు పొడవున రెండు వరుసలు వేశాం, 240 వచ్చింది. గాలి తోపుడుకి కూడా అది ధారాళం. అసలు మెలకువంతా అతికించడానికి ముందు ఉంది. రంగు మీద పాలిషో మైనమో ఉంటే ఏ టేపూ పట్టదు. కారుని షాంపూతో కడిగి, ఆరాక ఐసోప్రొపైల్ ఆల్కహాల్‌లో సగం నీళ్లు కలిపి, మెత్తటి గుడ్డతో ఒకే దిక్కుగా తుడిచాం. ప్లాస్టిక్ వైపు ప్రైమర్ పూశాం. రెక్కని ఊరికే పెట్టి చూసి, రెండు పక్కలా కొలిచి, మాస్కింగ్ టేపుతో గుర్తులు పెట్టాం. పైనున్న బ్రేకు లైటుకి అడ్డం రాకూడదు, కారు వెడల్పు దాటకూడదు, డిక్కీ ఎత్తితే నిలబడాలి. పొద్దున చలి ఉంది గనక మధ్యాహ్నం దాకా ఆగాం. 15 డిగ్రీల లోపు చల్లదనంలో ఈ టేపు సరిగా అంటుకోదు. తర్వాత టేపు మీది కాగితం చివరలు బయటికి మడిచి, రెక్కని గుర్తుల మీద ఆనించి, కాగితం మెల్లిగా లాగేస్తూ, అరచేతులతో ఆ చివర నుంచి ఈ చివర దాకా గట్టిగా అదిమాం. ఈ అదమడం చాలామంది తేలిగ్గా తీసుకుంటారు. టేపుని పట్టించేది ఒత్తిడే. బాబాయి కుర్చీలోంచి లేచి వచ్చి మధ్యలో తన రెండు చేతులూ ఆనించాడు. స్టీరింగు తిప్పీ తిప్పీ గట్టిపడిన చేతులు.

వీహెచ్‌బీ 20 నిమిషాల్లో సగం బలం, ఒక రోజులో 90 శాతం, 72 గంటలకి పూర్తి బలం అందుకుంటుంది. కాబట్టి మూడు రోజులు కారు షెడ్డు దాటకూడదు, కడగకూడదు. రెండో రోజు సాయంత్రం ఎవరూ చూడటంలేదనుకుని బాబాయి రెక్కని పట్టుకుని రెండుసార్లు పైకి లాగడం నేను కిటికీలోంచి చూశాను. కారే కాస్త లేచింది గానీ రెక్క రాలేదు.

పోలీసులు పట్టుకుంటారా అని తమ్ముడి అనుమానం. మోటారు వాహనాల చట్టం 52వ సెక్షన్ కింద, రిజిస్ట్రేషన్ పత్రంలోని వివరాలు తయారీదారు నిర్దేశించినవాటికి భిన్నమయ్యేలా బండిని మార్చకూడదు. 2019 జనవరిలో సుప్రీంకోర్టు దీన్ని గట్టిగా చెప్పింది. అదే ఏడాది సవరణలో ఒక్కో మార్పుకి ఐదు వేల రూపాయల జరిమానా, లేదా ఆరు నెలల దాకా జైలు, లేదా రెండూ పెట్టారు. అయితే ఆ సెక్షనే మార్పు అంటే ఏమిటో కూడా చెబుతుంది. బండి మౌలిక లక్షణం మారేటట్టు నిర్మాణాన్ని మార్చడం. వెడల్పు దాటని, లైట్లనీ నంబరు ప్లేటునీ కప్పని చిన్న రెక్క ఆ కిందికి రాదని నేను చదివినంతలో నా అవగాహన. సరిగ్గా ఆ కొలతలు పాటించడానికి అదీ ఒక కారణం.

నాలుగో రోజు వాడు ముందు, నేను నా కారులో వెనక, జగ్గయ్యపేట నుంచి నందిగామకి బయల్దేరాం. పండక్కి వచ్చిన జనమంతా హైదరాబాదు వైపు తిరుగు ప్రయాణంలో ఉన్నారు, ఆ పక్క రోడ్డు కిక్కిరిసి ఉంది. మా వైపు ఖాళీ. ముందే అనుకున్నట్టు కొంతసేపు 60, కొంతసేపు 80, తర్వాత 100. కళ్లు ఆ రెక్క అంచు మీదే పెట్టి నడిపాను. వణుకుతుందా, అంచు లేస్తుందా అని. లారీని దాటేటప్పుడు అడ్డంగా కొట్టే గాలికి కూడా చూశాను. ఏమీ లేదు. అలా చూస్తూ పోతుంటే ఒకటి తోచింది. రెక్క పెట్టించుకున్నవాడికి అది కనపడదు. స్టీరింగు ముందు కూర్చుంటే వాడికి తన కారు ఎప్పటి బేస్ మోడలే. అదే డాష్‌బోర్డు, చేత్తో తిప్పే అవే కిటికీ అద్దాలు. అది కనిపించేది వెనక ఉన్నవాళ్లకే. వాడు ఇంత చేసి అతికించుకున్నది తన ముందు లేని మనుషుల కోసం.

నందిగామలో టీ కొట్టు దగ్గర ఆపాం. దిగి ముందు రెక్క చివరలు వేలితో నొక్కి చూశాను. టేపు అంచులు ఎక్కడా లేవలేదు.

“ఎట్టా ఉందన్నా?” అన్నాడు.

“వందలో కూడా కదల్లేదురా.”

“కదలడం సంగతి కాదన్నా. వెనక నుంచి చూస్తే ఎట్టా ఉంది?”

ఒక నిమిషం దూరం జరిగి, అమ్మాయి మేనమామ నిలబడి ఉండే చోట నిలబడి చూశాను.

“కంపెనీ నుంచే వచ్చింది అనుకుంటారు” అన్నాను.

టీ డబ్బులు నన్ను ఇవ్వనివ్వలేదు.